ఎఫ్‌సీసీలో పబ్లిక్ సేఫ్టీ, సైబర్ పాలసీ ఇంటర్న్‌షిప్: ఎవరికి వస్తుంది, అక్కడ పనేంటి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అమెరికాలో సైబర్ సెక్యూరిటీ ఎంఎస్, రెండో సెమిస్టర్, ఎఫ్-1 స్టూడెంట్ వీసా. ఫోన్, టీవీ, రేడియో కంపెనీలకి రూల్స్ పెట్టే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌లో, అంటే ఎఫ్‌సీసీలో, 911 అనే ఎమర్జెన్సీ ఫోన్ నంబరు, ఎమర్జెన్సీ అలర్ట్‌లు, నెట్‌వర్క్ భద్రత చూసే బ్యూరోలో సమ్మర్ ఇంటర్న్‌షిప్ దొరుకుతుందా, దానికి ఏ సర్టిఫికేషన్ చేయాలి, పెన్ టెస్టింగ్ (అనుమతితో సిస్టమ్‌లోకి దూరి లోపాలు వెతకడం) ప్రాజెక్టులు పనికొస్తాయా అని అడిగారు. ఇంకొకరు తమ అబ్బాయి ఇక్కడే పుట్టాడు, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ మూడో ఏడాది, వాడి సంగతేంటి అన్నారు. ఇద్దరికీ కలిపే రాస్తున్నాను. ఈ 911, అలర్ట్‌ల రూల్స్ చుట్టూనే చాలా ఏళ్లుగా నా పని, ఇంటర్న్‌ల అప్లికేషన్లు చదివే బాధ్యత కూడా అప్పుడప్పుడూ నా నెత్తిన పడుతుంటుంది, కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను.

ముందు వీసా సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే చాలామంది రెజ్యూమే, కవర్ లెటర్ అన్నీ తయారుచేసుకున్నాక ప్రకటనలో ఆఖరి లైను చూసి నీరుగారిపోతారు. పోటీ పద్ధతిలో భర్తీ చేసే ఫెడరల్ ఉద్యోగాలకు సిటిజన్ అయి ఉండాలని 1976 నాటి 11935 నంబరు ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ చెబుతుంది. దానికి తోడు, సిటిజన్ కానివాళ్లకు ఫెడరల్ ఖజానా నుంచి జీతం ఇవ్వడం మీద అమెరికా కాంగ్రెస్ తన నిధుల చట్టాల్లో ఆంక్షలు పెడుతూ వస్తోంది. గ్రీన్ కార్డు వాళ్లకు కొన్ని మినహాయింపులున్నాయి, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకు మాత్రం ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. జీతం లేని స్టూడెంట్ వాలంటీర్ అనే పద్ధతి చట్టంలో ఉంది కానీ, ఎవరిని తీసుకోవాలన్నది ఏజెన్సీ ఇష్టం, పైగా సెక్యూరిటీ తనిఖీ మామూలే. ప్రకటనలో సిటిజన్ అని రాసి ఉంటే ఈమెయిల్ పెట్టి బతిమాలినా ఎవరూ ఏమీ చేయలేరు, వాళ్ల చేతిలో లేదు. ఇంకో మాట, జీతం లేదు కదా, సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) అక్కర్లేదు అని మీకు మీరే తీర్మానించుకోకండి. ఎక్కడ చేరినా, జీతం ఉన్నా లేకపోయినా, ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓని అడిగి, అనుమతి మీ ఐ-20 పత్రం మీద పడ్డాకే మొదటి రోజు పనికి వెళ్లాలి. సీపీటీకి మామూలుగా ఒక పూర్తి అకడమిక్ ఏడాది చదివి ఉండాలి, రెండో సెమిస్టర్ అయిపోయాక వచ్చే సమ్మర్ కాబట్టి మీకు ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు. ఫుల్‌టైమ్ సీపీటీ పన్నెండు నెలలు గానీ అంతకు మించి గానీ చేస్తే అదే స్థాయి చదువుకి ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసే అనుమతి, పోతుంది, అదీ గుర్తుపెట్టుకోండి.

మరి ఎఫ్‌సీసీలో రాదంటే ఈ రంగమే వదిలేయాలా? అక్కర్లేదు. ఎందుకో చెప్పాలంటే ముందు అక్కడి పనేంటో చెప్పాలి, మీ ప్రశ్న చూస్తే మీ ఊహకీ అక్కడి పనికీ చాలా దూరం ఉంది.

ఆ ఆఫీసు పేరు పబ్లిక్ సేఫ్టీ అండ్ హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ బ్యూరో. 2005లో కత్రినా తుఫానుకి ఫోన్ నెట్‌వర్క్‌లు, పోలీసు రేడియోలు కుప్పకూలిన తర్వాత, 2006లో పెట్టారు. అక్కడ ఎవరూ కూర్చుని హ్యాకింగ్ చేయరు, ఎవరి సర్వర్‌లోకీ దూరరు. ఫోన్ కంపెనీలు 911 కాల్‌ని ఎలా చేరవేయాలి, నెట్‌వర్క్ పడిపోతే ఎంతసేపట్లో చెప్పాలి, ఫోన్లకి వచ్చే అలర్ట్ ఎంత పొడవుండాలి, ఏ కంపెనీ పరికరాలు నెట్‌వర్క్‌లో ఉండకూడదు, ఇలాంటి వాటికి రూల్స్ రాస్తారు, అవి అమలవుతున్నాయో లేదో చూస్తారు. ఇంటర్న్ పని అంటే చదవడం, రాయడం, మళ్లీ చదవడం. ఏదో ఒకటి ఎందుకు పాడైందో సాంకేతికంగా అర్థం చేసుకుని, ఇంజనీర్ కానివాళ్లకి కూడా తెలిసేలా రెండు పేజీల్లో చెప్పగలిగేవాడే అక్కడ పనికొచ్చే మనిషి.

ఉదాహరణకి 2014 ఏప్రిల్‌లో జరిగింది చూడండి. తుఫాను లేదు, దాడి లేదు, వాతావరణం బ్రహ్మాండంగా ఉంది. కానీ ఏడు రాష్ట్రాల్లో, దాదాపు 1.1 కోట్ల మంది ఉండే ప్రాంతాల్లో, 911 చేస్తే కాల్ వెళ్లలేదు. కొన్నిచోట్ల ఆరు గంటల దాకా అదే పరిస్థితి, వాషింగ్టన్ రాష్ట్రమైతే రాష్ట్రం మొత్తం. 6,600కి పైగా కాల్స్ గాల్లో కలిసిపోయాయి. కారణం ఏంటంటే, కొలరాడోలోని ఒక కాల్ రూటింగ్ సెంటర్‌లో ప్రతి కాల్‌కీ ఒక నంబరు కేటాయించే సాఫ్ట్‌వేర్ ఉంది, ఆ నంబర్లకి ఒక గరిష్ఠ పరిమితి పెట్టి వదిలేశారు, కౌంటర్ ఆ పరిమితికి చేరగానే కొత్త కాల్స్‌కి నంబర్లు ఇవ్వడం మానేసింది. సిస్టమ్ అలారం ఇచ్చింది కానీ దాన్ని తక్కువ స్థాయి హెచ్చరిక కింద లెక్కగట్టడంతో ఎవరూ పట్టించుకోలేదు. ఎఫ్‌సీసీ బ్యూరో దీని మీద అదే ఏడాది అక్టోబర్‌లో రిపోర్టు ఇచ్చింది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఈ రంగంలోకి రావాలనుకునే ఎవరికైనా నేను ముందు అదే చదవమంటాను. కోడ్‌లో తప్పు గురించి అందులో కొంచెమే ఉంటుంది. ఏ రాష్ట్రపు 911 ఎక్కడో ఇంకో రాష్ట్రంలోని ఏ భవనం మీద ఆధారపడి ఉందో ఆ రాష్ట్రానికే తెలియకపోవడం, కాంట్రాక్టుల్లో బాధ్యత ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదకి జారిపోవడం, అసలు కథ అది. పాలసీ అంటే ఆ రెండో భాగం.

ఇంకోటి, నాకు చాలా ఇష్టమైనది. సెల్‌ఫోన్ నుంచి 911 చేస్తే ఎన్నో అంతస్తులో ఉన్నారో తెలియాలి కదా అని, 2019లో ఎఫ్‌సీసీ ఒక ప్రమాణం పెట్టింది: ఆ సామర్థ్యం ఉన్న ఫోన్ల నుంచి లోపల చేసే కాల్స్‌లో 80 శాతానికి ఎత్తు మూడు మీటర్ల తేడాలోపు రావాలి. వినడానికి అద్భుతంగా ఉంది. కానీ ఫోన్ పంపే ఎత్తు నేల నుంచి కొలిచింది కాదు, ఎలిప్సాయిడ్ అనే ఒక గణిత ఉపరితలం నుంచి కొలిచింది. తూర్పు తీరంలో సముద్ర మట్టానికి దగ్గరగా నేల మీద నిలబడిన మనిషి ఎత్తు మైనస్ 30 మీటర్ల చుట్టుపక్కల చూపించొచ్చు. 911 సెంటర్‌లో సిబ్బందిని పంపే డిస్పాచర్ స్క్రీన్ మీద మైనస్ 12 అని కనబడితే ఫైర్ వాళ్లకి ఏమని చెప్పాలి? ఆ భవనం కింద నేల ఎంత ఎత్తులో ఉంది, ఒక్కో అంతస్తు ఎంత ఎత్తు, ఇవన్నీ తెలిస్తేనే అది ఆరో అంతస్తా, ఏడోదా అనేది తేలుతుంది. ఆ మ్యాపులు ఎవరు తయారుచేయాలి, ఖర్చు ఎవరిది, కంపెనీదా, కౌంటీదా? ఏళ్ల తరబడి వాదనలు దీని మీదే నడిచాయి. మీరు జీపీఎస్ చదివారు, బారోమీటర్ సెన్సర్ అంటే తెలుసు, మరి ఈ ప్రశ్నకి రెండు పేజీల్లో ఒక అభిప్రాయం రాయగలరా? నేను అప్లికేషన్లలో వెతికేది ఇలాంటి మనిషినే, హ్యాకింగ్ టూల్స్ ఉండే కాళీ లినక్స్ స్క్రీన్‌షాట్లు కాదు.

సరే, రోజువారీ పని ఎలా ఉంటుంది? కమిషన్ ఒక రూల్ పెట్టాలనుకుంటే ముందు ప్రతిపాదన బయటపెడుతుంది, దాని మీద ఫోన్ కంపెనీలు, రాష్ట్రాలు, 911 సెంటర్ల సంఘాలు, మామూలు జనం కామెంట్లు పంపుతారు, వాటికి జవాబు కామెంట్లు కూడా వస్తాయి. ఒక్కో విషయం మీద గుట్టలు గుట్టలు. ఇంటర్న్ కూర్చుని ఆ కామెంట్లన్నీ ఒక పట్టికలోకి ఎక్కించాలి: ఎవరు, ఏ ప్రశ్నకి, ఏమన్నారు, ఆధారం ఏంటి. ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది కానీ నేర్చుకునేదంతా ఇక్కడే. ఒక కంపెనీ ‘ఇది సాంకేతికంగా సాధ్యం కాదు’ అని రాస్తుంది, కింద ఫుట్‌నోట్‌లో ఆధారంగా తమ పరిశ్రమ సంఘం కామెంట్ చూపిస్తుంది, ఆ సంఘం కామెంట్ తెరిచి దాని ఫుట్‌నోట్ చూస్తే మళ్లీ ఇదే కంపెనీ పాత లేఖ. అంటే ఒకే మాట రెండు నోళ్లతో చెప్పారు, అంతే. దీన్ని పట్టుకుని పట్టికలో పక్కన ఒక్క లైను రాసిన ఇంటర్న్‌ని మీద ఉన్న లాయర్ జన్మలో మర్చిపోడు, తర్వాత రికమండేషన్ లెటర్ అడిగినప్పుడు ఆ లైనే గుర్తొస్తుంది. అలాగని కంపెనీలన్నీ అబద్ధాలు చెప్తాయని కాదు, చాలాసార్లు వాళ్ల ఇంజనీర్లు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఏది ఏదో తేల్చడానికే మీ టెక్నికల్ చదువు.

సైబర్ వైపు పని కూడా ఇదే తరహా. 2020లో వచ్చిన సెక్యూర్ అండ్ ట్రస్టెడ్ కమ్యూనికేషన్స్ నెట్‌వర్క్స్ చట్టం కింద చిన్న చిన్న గ్రామీణ ఫోన్ కంపెనీలు చైనా కంపెనీలైన హువావే, జెడ్‌టీఈ పరికరాలు పీకేసి వేరేవి పెట్టుకోవాలి. కాంగ్రెస్ మొదట 190 కోట్ల డాలర్లు ఇచ్చింది, చాల్లేదు, 2024 చివర్లో ఇంకో 308 కోట్లు ఇవ్వాల్సొచ్చింది. పరికరం ప్రమాదకరమా కాదా అన్నది ఒక ప్రశ్న. పీకేస్తే ఆ ఊళ్లో మధ్యలో 911 ఏమవుతుంది అన్నది ఇంకో ప్రశ్న. ఇక సాల్ట్ టైఫూన్ పేరుతో చైనా హ్యాకర్లు అమెరికా టెలికాం కంపెనీల్లోకి దూరిన వ్యవహారం బయటపడ్డాక, 2025 జనవరిలో కమిషన్ 1994 నాటి కాలియా (ప్రభుత్వం చట్టబద్ధంగా ఫోన్లు ట్యాప్ చేయడానికి కంపెనీలు వీలు కల్పించాలనే) చట్టం కింద కంపెనీలు నెట్‌వర్క్‌లని కాపాడుకోవాల్సిందే అని ఒక నిర్ణయం ఇచ్చింది. నాయకత్వం మారింది, అదే ఏడాది నవంబర్‌లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. మీ సొంత అభిప్రాయం ఏదైనా, ఈ పనిలో అటు వాదనా ఇటు వాదనా రెండూ నిజాయితీగా రాయగలగాలి, అది నచ్చని వాళ్లకి ఈ ఉద్యోగం నరకమే.

నెట్‌వర్క్ పడిపోయిన వివరాలు వచ్చే నార్స్ అనే వ్యవస్థ గురించి కూడా తెలుసుకుని ఉండండి. చాలా రకాల అవుటేజ్‌లకి లెక్క ఇదీ: కనీసం 30 నిమిషాలు ఉండి, ప్రభావితమైన యూజర్లని నిమిషాలతో గుణిస్తే 9 లక్షలు దాటితే కంపెనీ చెప్పాలి. తొలి సమాచారం 120 నిమిషాల్లో, కొంచెం వివరంగా 72 గంటల్లో, పూర్తి రిపోర్టు 30 రోజుల్లో. ఆ రిపోర్టులు రహస్యం, అక్కడ చూసింది బయట నోరు జారితే ఇంటర్న్‌షిప్‌తో పాటు చాలా పోతాయి. పెండింగ్‌లో ఉన్న రూల్ గురించి బయటి కంపెనీ వాళ్లతో మాట్లాడితే ఆ సంభాషణని రికార్డులో పెట్టాల్సి రావచ్చు, కాబట్టి లింక్డ్‌ఇన్‌లో గొప్పలు పోస్ట్ చేయాలని చేతులు దురద పెట్టినా ఆపుకోవాలి.

ఇప్పుడు ఎఫ్-1 తమ్ముడి దగ్గరికి వస్తాను. పైన చెప్పిన కామెంట్ల గుట్టలున్నాయే, అవన్నీ ఈసీఎఫ్‌ఎస్ అనే సైట్‌లో బహిరంగంగా ఉంటాయి, సిటిజన్‌షిప్ ఎవరూ అడగరు. చదవొచ్చు, మీ పేరుతో కామెంట్ కూడా వేయొచ్చు. ఫోన్ అలర్ట్‌ల ఫైలు (దాన్నే డాకెట్ అంటారు) నంబరు 15-91, టీవీ రేడియో అలర్ట్‌లది 15-94, కొత్త తరం 911ది 21-479. ఒక్కటి ఎంచుకోండి. ఫోన్ అలర్ట్‌లు 2012లో 90 అక్షరాలతో మొదలై 2019లో 360కి పెరిగాయి. 2023లో కమిషన్ పదమూడు భాషల్లో రెడీమేడ్ మెసేజ్‌లు ఉండాలని నిర్ణయించింది. ఆ పదమూడులో హిందీ ఉంది, తెలుగు లేదు. మనవాళ్లు ఇంతమంది ఉన్న దేశంలో, సమ్మర్‌కి పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నల ఫోన్లో టోర్నడో హెచ్చరిక ఏ భాషలో మోగాలి, దానికి సాంకేతికంగా ఏం కావాలి, ఏ అక్షరాలు ఏ ఫోన్లో సరిగ్గా కనబడతాయి, ఖర్చెంత, దీని మీద ఎవరైనా పద్ధతిగా రెండు పేజీలు రాస్తే నేనే కూర్చుని చదువుతాను. ఆవేశంగా కాదు, ఆధారాలతో.

ఆ రెండు పేజీలే మీ రైటింగ్ శాంపిల్. దాన్ని పట్టుకుని ఫెడరల్ కాని చోట్లకి వెళ్లండి: రాష్ట్ర 911 బోర్డులు, రాష్ట్ర యుటిలిటీ కమిషన్లు, కౌంటీ ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ ఆఫీసులు, నీనా, ఆప్కో లాంటి 911 వృత్తి సంఘాలు, ఫోన్ కంపెనీల రెగ్యులేటరీ విభాగాలు, 911 సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలు. ఫెడరల్ సిటిజన్‌షిప్ ఆర్డర్ వీటికి వర్తించదు, కానీ ఒక్కోచోట సొంత రూల్స్ ఉంటాయి, పోలీసు డేటా కనబడే సెంటర్లలో వేలిముద్రల తనిఖీ మామూలు, కాబట్టి ముందే అడగండి. నా మటుకు నేను కౌంటీ 911 సెంటర్‌నే ముందు పెడతాను. రాత్రి షిఫ్ట్‌లో ఒక కాల్‌టేకర్ పక్కన కూర్చోనిస్తే, మ్యాప్ మీద ఆ చుక్క ఒక ఇంటి మీద నుంచి పక్కింటి మీదకి జరగడం మీ కళ్లతో చూస్తారు. లొకేషన్ కచ్చితత్వం అనే మాటకి అర్థం అప్పుడు తెలుస్తుంది.

అబ్బాయి గురించి అడిగిన పెద్దవారికి: సిటిజన్ కాబట్టి దారులు ఎక్కువే, కానీ 2025 జనవరిలో ఫెడరల్ నియామకాల మీద నిలుపుదల వచ్చినప్పటి నుంచి పరిస్థితి పాతలా లేదు, రెండు మూడేళ్ల కిందట ఎవరో చెప్పిన అనుభవం మీద ప్లాన్ వేసుకోవద్దు. ఫెడరల్ ఉద్యోగాల సైట్ యూఎస్ఏజాబ్స్‌లో, ఎఫ్‌సీసీ సొంత కెరీర్స్ పేజీలో ప్రకటనలు చూస్తూ ఉండమనండి. సమ్మర్‌కే కాదు, ఫాల్‌కీ స్ప్రింగ్‌కీ కూడా అడగొచ్చు, అప్పుడు పోటీ తక్కువ. ఫెడరల్ రెజ్యూమే అంటే అయిదారు పేజీలు రాయాలని పాత సలహా ఒకటి తిరుగుతుంటుంది, 2025 సెప్టెంబర్ నుంచి యూఎస్ఏజాబ్స్‌లో రెండు పేజీలే. ఎంపికైనా బ్యాక్‌గ్రౌండ్ తనిఖీకి వారాలు పట్టొచ్చు, అందుకే చివరి నిమిషంలో అప్లై చేస్తే సమ్మర్ గడిచిపోతుంది. ఇంకో చిన్న విషయం ఎవరూ చెప్పరు: అబ్బాయి రాబిన్‌హుడ్ లాంటి షేర్ల యాప్‌లో సరదాగా వెరైజన్, టీ-మొబైల్ షేర్లు కొని ఉంటే ముందే చెప్పాలి, ఎఫ్‌సీసీ తాను నియంత్రించే కంపెనీల్లో తన ఉద్యోగులకి ఆర్థిక ప్రయోజనం ఉండకూడదని చట్టంలోనే ఉంది.

ఇంజనీరింగ్ వాడు కాబట్టి లాయర్ల మధ్య బెదిరిపోతాడేమో అని టెన్షన్ అక్కర్లేదు. ఈ బ్యూరోలో ఇంజనీర్లూ ఉంటారు, వాళ్లు లేకపోతే రూల్ ముందుకి కదలదు. లాయర్లు రాసింది చదివి ఇది జరగదు అని మర్యాదగా చెప్పడం నేర్చుకోవాలి, అంతే. ఇంకా చదువు మిగిలి ఉంటే సైబర్ సెక్యూరిటీ చదివేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే సైబర్‌కార్ప్స్ స్కాలర్‌షిప్ ఫర్ సర్వీస్ కూడా చూడండి: ట్యూషన్ కడతారు, ఏడాదికి డిగ్రీ వాళ్లకి 27,000, పీజీ వాళ్లకి 37,000 డాలర్ల స్టైపెండ్ ఇస్తారు, సిటిజన్ లేదా గ్రీన్ కార్డు ఉండాలి, తీసుకున్నంత కాలం తర్వాత ప్రభుత్వంలో పనిచేయాలి. చేయకపోతే అది అప్పుగా మారుతుంది. ప్రభుత్వ ఉద్యోగాలు బిగుసుకుపోయిన ఈ రోజుల్లో ఆ షరతు రెండుసార్లు చదివి సంతకం పెట్టమనండి.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారంటే, పోర్ట్ నంబర్లు అడగరు. నేనైతే 2018 జనవరి 13 గురించి అడుగుతాను. హవాయిలో పొద్దున ఎనిమిది దాటిన కాసేపటికి అందరి ఫోన్లకీ క్షిపణి వస్తోంది, ఇది డ్రిల్ కాదు అని అలర్ట్ వెళ్లింది, తప్పు అని సవరించడానికి 38 నిమిషాలు పట్టింది. ఎవరిది తప్పు అని అడిగితే తొంభై శాతం మంది బటన్ నొక్కిన ఉద్యోగి అంటారు. ఎఫ్‌సీసీ రిపోర్టు చదివినవాళ్లు ఇంకోలా చెప్తారు: డ్రిల్ కోసం వినిపించిన రికార్డింగ్‌లోనే ‘ఇది డ్రిల్ కాదు’ అన్న వాక్యం ఉంది, నిజం అలర్ట్‌కీ పరీక్ష అలర్ట్‌కీ వేర్వేరు వ్యవస్థలు లేవు, రెండో మనిషి సరిచూసే నియమం లేదు, తప్పు అని చెప్పే మెసేజ్ ముందే రాసి పెట్టుకోలేదు. ఇందులో ఏ ఒక్కటి సరిగ్గా ఉన్నా ఏం జరిగి ఉండేదో వరసగా చెప్పగలిగిన కుర్రాడికి నెట్‌వర్కింగ్ మార్కులు కాస్త తక్కువున్నా నాకు అభ్యంతరం లేదు.

సర్టిఫికేషన్ సంగతి అడిగారు కదా. సెక్యూరిటీ ప్లస్ అనే మొదటి మెట్టు సర్టిఫికేషన్ ఉంటే తప్పు లేదు, కంపెనీ ఉద్యోగాలకి ఎలాగూ పనికొస్తుంది, కానీ ఈ ఇంటర్న్‌షిప్ కోసమని ప్రత్యేకంగా డబ్బు తగలేయొద్దు. పెన్ టెస్టింగ్ ప్రాజెక్టుల్లో ఒక్కటి ఉంచండి, దాని కింద మీరు కనిపెట్టిన లోపం వల్ల ఎవరికి ఏ నష్టమో, దాన్ని సరిదిద్దే బాధ్యత ఎవరిదో నాలుగు లైన్లు రాయండి. మిగతావి తీసేసి ఆ ఖాళీలో పైన చెప్పిన రెండు పేజీల డాకెట్ మెమో లింకు పెట్టండి.